మోరీ వైపు గోలు మనది

పోయిన ఆదివారం మధ్యాహ్నం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతున్నాను. చేతిలో కూరల సంచీ, మోకాళ్ళలో నొప్పి. కింది నుంచి ముప్పై నలభై మంది కుర్రాళ్ళు, వాళ్ళతో నలుగురైదుగురు ఆడపిల్లలు, అందరూ ఒకే రంగు చొక్కాలు తొడుక్కుని, డ్రమ్ము వాయించుకుంటూ పైకి వస్తున్నారు. నేను గోడకి అతుక్కుపోయి దారిచ్చాను.

"ఏంటి బాబూ, పెళ్ళా?" అని ఒకణ్ణి అడిగాను.

"కాదాంటీ, ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పోతున్నం. మాది సపోర్టర్స్ గ్రూప్. సిటీల ఇట్లాంటిది ఫస్ట్ మేమే స్టార్ట్ చేసినం."

ఫస్టు వీళ్ళేనట! నాకు నవ్వొచ్చింది. కొంచెం ఒళ్ళు కూడా మండింది. ఈ మెట్ల దగ్గర్నుంచి రాయి విసిరితే పడేంత దూరంలో, వాళ్ళ అమ్మలు గౌన్లు వేసుకుని తిరిగే రోజుల్లోనే, డ్రమ్ములు లేకపోతే ఇడ్లీ పాత్ర మూతలు పట్టుకుని మొదలుపెట్టామయ్యా అలాంటిది అని చెప్పాలనిపించింది. చెప్తే వినే తీరిక ఎవరికుంది? డ్రమ్ము మోగుతూ రైలెక్కేసింది. నేను మాత్రం ఇంటికి వెళ్ళలేకపోయాను. సంచీతోనే పంజాగుట్ట వైపు నడిచాను. అక్కడ ఒకాయనకి నేను ఎన్నో ఏళ్ళ నుంచి ఒక మాట బాకీ.

అప్పట్లో అమీర్‌పేటలో ఇన్ని బోర్డులు లేవు. ఇప్పుడు కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న సందులో అప్పుడు ఒక ఖాళీ జాగా ఉండేది. దానికి ఒక చివర మేం అద్దెకున్న ఇంటి గోడ, రెండో చివర మోరీ. మోరీ అంటే కాలవ అని మా నాయనమ్మ గోదావరి జిల్లా నుంచి వచ్చిన కొత్తలో అనుకుంది. గాలి ఇటు తిరిగిన రోజున అది మురుగు కాలవని ఆవిడకి అర్థమైంది.

ఆ జాగాలో సాయంత్రమైతే మా పేట కుర్రాళ్ళు బంతి ఆడేవాళ్ళు. మోరీ పక్కన రెండు సర్వీ కర్రలు పాతి ఒక గోలు. రెండో గోలుకి కర్రలు దొరకలేదు, మా ఇంటి గోడ మీదే బొగ్గుతో గీసేశారు. కింది వాటాలో ఉండే ఓనరమ్మ ఆ గీత చూసి వీధంతా వినపడేలా తిట్టేది. "మొన్ననే సున్నమేయించిన గదరా! మీ బంతి మస్తుగ ముద్దెర్లు గుద్దుతుంది గోడకు!" అనేది. మర్నాడు పొద్దున గోడ మీద ఇంకో నాలుగు గుండ్రటి మట్టి ముద్రలు ఉండేవి.

నాయనమ్మకి ఆట గొడవ లేదు. ఆవిడ గొడవంతా వడియాలు. ఎండలు మొదలవగానే డాబా మీద పాత చీర పరిచి బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టేది. ఇంగువ, పచ్చిమిరపకాయ, నానిన మినప్పిండి కలిసిన ఆ పుల్లటి వాసన మెట్ల మీదికే వచ్చేది. పచ్చివడియం దొంగతనంగా తీసి నాలుక మీద పెట్టుకుంటే ఎంత బాగుంటుందో తిన్నవాళ్ళకే తెలుసు. కాకులకీ నాకూ కలిపి ఆవిడ ఒకటే కర్ర వాడేది.

ఒకరోజు బంతి ఎగిరొచ్చి సరిగ్గా వడియాల మధ్యలో పడింది. పడి ఊరుకుందా, దొర్లింది. చీర సగం మేర వడియాలు చపాతీలయ్యాయి. నాయనమ్మ బంతి తీసి కొంగు కింద పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఒక పొడుగాటి కుర్రాడు మెట్లెక్కి వచ్చాడు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. మోచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి. పంజాగుట్ట దారిలో కుట్టుమిషన్ దుకాణం ఉన్న టైలర్ భాయ్ కొడుకు. మోరీ దగ్గర కర్రల మధ్య నిలబడేది అతనే. కుర్రాళ్ళందరూ అతన్ని గోలీ అనేవాళ్ళు, నేను గోలీ అన్న అనేదాన్ని.

"అమ్మమ్మా, జర బాల్ ఇయ్యుండ్రి."

"బంతిస్తాను సరే, తోలు బంతి దొర్లిన వడియాలు ఎవరు తింటారు నాయనా? రెండు రోజుల కష్టం!"

అతను వంగి చూశాడు. "పారేయకుండ్రి, మేం తింటం. మా అమ్మీ నూనెల గోలిచ్చి ఇస్తది."

నాయనమ్మ నలిగిన వడియాలన్నీ ఏరి డబ్బాలో పోసి, బంతితో పాటు చేతిలో పెట్టింది. మర్నాడు డబ్బా తిరిగొచ్చింది, నిండా ఖర్జూరాలతో. "అమ్మీ ఖాళీ డబ్బా ఇయ్యొద్దన్నది" అన్నాడు. ఆ రోజు నుంచి నాయనమ్మ వడియాల కాపలాకి మధ్యాహ్నం కాకుండా సాయంత్రం కూర్చోవడం మొదలుపెట్టింది. సాయంత్రం ఎండే వడియాలేవో నాకు తెలీదు. ఎవరూ అడగలేదు.

మొదట్లో ఆవిడ ఒక్కతే. పక్కన నేను. ఆవిడ కళ్ళలో శుక్లాలు, దూరం సరిగ్గా ఆనదు. "ఏమైందే, ఎవరికెళ్ళింది?" అని అడుగుతూ ఉంటే నేను చెప్తూ ఉండాలి. పన్నెండేళ్ళ పిల్లకి అంతకన్నా పెద్ద ఉద్యోగం ఏం కావాలి! తర్వాత ఓనరమ్మ తిట్టడానికని పైకొచ్చి, కూర్చుని, లేవడం మర్చిపోయింది. పక్క వాటాల వాళ్ళు బియ్యం ఏరుకుంటూ, పిల్లలకి జడలల్లుతూ చేరారు. పిలవని పేరంటమే, అయినా రోజూ పదిమందికి తగ్గేవాళ్ళం కాదు.

ఆట మాకు మేమే నేర్చుకున్నాం. చాలా తేలిక. మోరీ వైపు గోలు మనది, అందులో బంతి పడకూడదు. గోడ వైపు గోలు వాళ్ళది, అందులో పడాలి. పడితే కింద గోడకి ధబ్‌మని తగిలి మా డాబా అదిరేది. ఆ అదురు అరికాళ్ళకి తెలియగానే అందరం అరిచేవాళ్ళం. యూసుఫ్‌గూడ నుంచీ సనత్‌నగర్ నుంచీ వేరే జట్లొచ్చి ఆడినా ఇదే లెక్క. ఎందుకంటే బయటివాళ్ళు ఎవరూ మోరీ పక్కన నిలబడేందుకు ఒప్పుకునేవారు కాదు. మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగేవాళ్ళు, మళ్ళీ ఎవరి వైపు వాళ్ళే వెళ్ళేవాళ్ళు. ఇక మాకు అనుమానం ఎలా వస్తుంది?

"పట్టుకో నాయనా, పట్టుకో!" అని నాయనమ్మ. "గట్టిగ పట్టు బిడ్డా! నా గోడకు కొట్టుర్రా మీరు!" అని ఓనరమ్మ. అవును, సున్నం గురించి ఏడ్చిన ఓనరమ్మే.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం కెప్టెన్ అన్న డాబా మీదికొచ్చాడు. సనత్‌నగర్‌లో ఏదో ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. ఎంత కడుక్కున్నా చేతులు నూనె వాసనే. వెనకాల గోలీ అన్న తల దించుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఐతారం సనత్‌నగర్ గ్రౌండ్ల ఫైనల్ ఉన్నది. మీరు అరుస్తుంటేనే మావోళ్ళకు జోష్ వస్తది. మీరందరు రావాలె" అన్నాడు కెప్టెన్ అన్న.

"మైదానాలకి మేం ఎక్కడ వస్తాం బాబూ?" అంది నాయనమ్మ.

కెప్టెన్ అన్న గోలీ అన్నని ముందుకు తోశాడు. "చెప్పురా."

"మా అబ్బా వస్తనన్నడు" అన్నాడు గోలీ అన్న, వాళ్ళ నాన్న గురించి. "ఇన్నేండ్లల్ల ఎన్నడు రాలే. ఈ ఒక్కపారి వచ్చి చూస్తడంట. ఆటల ఏమన్న ఉన్నదనిపిస్తే ఆడుకో అంటడు. లేకుంటే సోమారం సంది మిషన్ మీద కూసోవాలె, బాల్ ముట్టొద్దు." కొంచెం ఆగి, "జర గట్టిగ అరవుండ్రి అమ్మమ్మా. నన్ను చూసెటందుకు సుత మనుషులు ఉన్నరని అబ్బాకు ఎరుక గావాలె" అన్నాడు.

నాయనమ్మ సరేనంది. ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న, "ఆడపిల్లని మైదానానికి తీసుకెళ్తావేంటమ్మా?" అని గొణిగితే, "అయితే నువ్వు రా నాకు తోడు" అంది. నాన్న పెరుగన్నం కలుపుకున్నాడు.

పద్నాలుగు మందిమి బయల్దేరాం. చాచీ, అంటే గోలీ అన్న వాళ్ళమ్మ, దుకాణంలో మిగిలిన లైనింగు గుడ్డ ముక్కలు పంపింది. ఓనరమ్మ వాటినన్నిటినీ జోడించి బొంత లాంటి జెండా కుట్టింది. వాయించడానికి కంచాలు తెస్తానంటే, తినే కంచం మీద కొడితే దరిద్రమని నాయనమ్మ ఒప్పుకోలేదు. అందుకని మూతలు. ఇడ్లీ పాత్ర మూత, అన్నం గుండిగ మూత, ఓనరమ్మ పెద్ద బిర్యానీ దేగిసా మూత. ఇంకా గిన్నెడు పులిహోర, విస్తరాకులు. బస్సు కండక్టరు మమ్మల్ని చూసి, "పెండ్లికా?" అనే అడిగాడు.

సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీల మధ్య ఎర్రమట్టి మైదానం. కాలిన రబ్బరు వాసన. గోలీ అన్న ఏ వైపు నిలబడ్డాడో చూసుకుని ఆ గోలు పక్కనే చాపలు పరిచాం. "ఇది మోరీ వైపు. అది గోడ వైపు" అని నాయనమ్మ అందరికీ వేలు పెట్టి చూపించింది. కొంచెం దూరంలో వేపచెట్టు కింద గోలీ అన్న వాళ్ళ నాన్న, టైలర్ చాచా, ఒక్కడే నిలబడి ఉన్నాడు, మెడలో కొలతల టేపు అలాగే ఉంది. దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

మొదటి సగం గోలీ అన్న ఎలా ఆడాడని! ఒకటా రెండా, ఎన్ని బంతులు పట్టాడో. ఒకసారి పక్కకి దూకి వేళ్ళ చివరలతో నెట్టేస్తే మైదానంలో అవతలివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. మూతలు మోగించి మోగించి నా చెవులు గింగుర్లెత్తాయి. నేను చాచా వైపు చూశాను. ఆయన టేపు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ ఉన్నాడు.

మధ్యలో ఆట ఆగింది. పులిహోర గిన్నె తెరిచాం. అక్కడే కొంప మునిగింది. పద్నాలుగు ఆకులు వెయ్యాలి, వడ్డించాలి, ఓనరమ్మకి పోపులో మిరపకాయలు ఏరి పెట్టాలి. మేం ఇంకా తింటుండగానే మళ్ళీ ఆట మొదలైంది. పడమటెండ సూటిగా కళ్ళలో కొడుతోంది. అవతలి చివర దుమ్ము లేచింది. ఆ దుమ్ములో అందరి చొక్కాలూ ఒకటే రంగు. గుంపు, తోపులాట, అందులోంచి బంతి వెళ్ళి వలలో పడింది.

"ఏమైందే? ఎవరిదే?" అంది నాయనమ్మ, ముద్ద చేతిలో పట్టుకుని.

గోడ వైపు కదా! నేను లేచి నిలబడి గొంతు చించుకున్నాను. "గోలు! మనదే! మనదే నాయనమ్మా!"

ఇంకేముంది. పద్నాలుగు మందీ లేచాం. ఎంగిలి చేతులతోనే మూతలు వాయించాం. ఓనరమ్మ బొంత జెండా ఊపింది. నేను గెంతాను. చాలాసేపు గెంతాను. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన చివరికి జాలిపడ్డాడు.

"ఏందమ్మా గట్ల మురుస్తున్నరు? గోల్ పడ్డది మీవోళ్ళకే గద."

అప్పుడు చూశాను. దుమ్ము దిగింది. అవతలి గోలులో నేల మీద బోర్లా పడి ఉన్నది గోలీ అన్న. తల ఎత్తి మా వైపే చూస్తున్నాడు. చాచా కూడా మా వైపే చూస్తున్నాడు. ఆయన ఆట చూడలేదు, కొడుకునే చూశాడు, కాబట్టి ఆయనకి వైపులు తప్పలేదు. మెడలోంచి టేపు తీసి జేబులో పెట్టుకుని, మైదానం దాటి వెళ్ళిపోయాడు. ఆట ఇంకా సగం ఉంది.

ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయాం. బస్టాపులో కెప్టెన్ అన్న కోపాన్ని దిగమింగుకుంటూ చెప్పాడు. "హాఫ్ టైమ్ అయినంక సైడ్లు మారుతయమ్మా. ఎక్కడన్న గంతే."

"మరి మన దగ్గర మారరేం?" అంది నాయనమ్మ నీరసంగా.

"మన మోరీ కాడికి ఎవడొస్తడమ్మా?"

గోలీ అన్న మాతో బస్సెక్కలేదు. సోమవారం సాయంత్రం కర్రల మధ్య ఇంకెవరో పిల్లాడు నిలబడ్డాడు. చెప్పిన మాట ప్రకారం గోలీ అన్న మిషన్ మీద కూర్చున్నాడట. నేను జ్వరమని దుప్పటి ముసుగేసుకున్నాను. జ్వరం లేదు, భయం. ఒక మనిషి ఆట నా నోటితో పోయిందని పన్నెండేళ్ళకే అర్థమైతే ఎలా ఉంటుందో ఇప్పటికీ చెప్పలేను.

మంగళవారం పొద్దున్నే నాయనమ్మ మంచి చీర కట్టుకుంది. నా ముసుగు లాగేసి, "లే. వెళ్దాం పద" అంది. ఓనరమ్మ, మిగతావాళ్ళూ అప్పటికే గేటు దగ్గరున్నారు. పద్నాలుగు మందిమీ నడుచుకుంటూ పంజాగుట్ట వెళ్ళాం.

చిన్న దుకాణం. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడి, కొత్త గుడ్డ గంజి వాసన. ముగ్గురం లోపల పట్టాం, మిగతావాళ్ళు మెట్ల మీదా రోడ్డు మీదా. మిషన్ మీద గోలీ అన్న కాజాలు కుడుతూ తల ఎత్తలేదు. టైలర్ చాచా కంగారుగా లేచి స్టూలు తుడిచాడు.

"కూసోండి అమ్మా. ఏం కుట్టాలె?"

"కుట్టడానికి కాదు నాయనా, తప్పు ఒప్పుకోడానికి వచ్చాను" అంది నాయనమ్మ. "మీ వాడు ఒక్క గోలు వదిలాడని ఆట మాన్పించేస్తారా?"

చాచా కత్తెర పక్కన పెట్టాడు. "గోల్ పడ్డదని కాదమ్మా. ఆటన్నంక గెలుసుడు ఓడుడు ఉంటయ్, గంత తెల్వదా నాకు? వాడు కింద పడితే మన గల్లీవాళ్ళే సంబరం చేసుకున్నరు. మనోళ్ళ ముంగటనే ఇజ్జత్ లేని ఆట నా కొడుకుకు ఎందుకని మాన్పిచ్చిన."

మిషన్ ఆగింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. నాయనమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"అరిచింది నేను నాయనా" అంది. "నాకు కళ్ళు కనబడవు. వైపులు మారతాయనీ తెలీదు. మనవాళ్ళే వేశారనుకుని ముందు నేనే అరిచాను. నన్ను చూసి వీళ్ళందరూ. గుడ్డిదాని కేకకి పిల్లాడి ఆట ఆపుతారా?"

చాచా ఆవిడ కళ్ళలోకి చూశాడు. తెల్లటి పొరలు స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి. తర్వాత రోడ్డు మీది దాకా నిలబడ్డ మమ్మల్నందరినీ చూశాడు. "గీ మాట చెప్పెటందుకు ఇంత మంది వచ్చిన్రా?" అన్నాడు.

"వచ్చినం గద భయ్యా" అంది ఓనరమ్మ మెట్ల మీద నుంచి. "ఇంకా వస్తం, నువ్వు పంపేదాంక."

"పంపుత. కానీ ఒక మాట" అన్నాడు చాచా. "వాడు యాడ ఆడినా మీరందరు రావాలె. వాడు సైడ్ మారితే మీరు సుత లేచి వాని ఎనకకే పోవాలె. అప్పుడు మళ్ళ తప్పు జరగదు."

ఇదయ్యా మా సంఘం పుట్టిన తీరు. పేరు లేదు, రశీదు పుస్తకం లేదు. ఉన్నది ఆ ఒక్క నియమమే.

తిరిగొస్తూ దారిలో నేను ఏడ్చేశాను. "అరిచింది నేను కదా నాయనమ్మా."

"నా కళ్ళు కనబడవని ఊరందరికీ తెలుసు. దానికి కొత్తగా పోయేదేముంది? నీ పేరు ఎందుకు చెప్పడం? నోరు మూసుకుని నడు" అంది.

తర్వాతి మ్యాచ్ యూసుఫ్‌గూడలో. సగం ఆట కాగానే గోలీ అన్న చేతి తొడుగులు దులుపుకుంటూ అవతలి చివరికి నడిచాడు. మేం గీత పక్కనే అతనితో పాటు నడిచాం. చాపలు, మూతలు, బొంత జెండా, నా భుజం పట్టుకుని నాయనమ్మ. పులిహోర గిన్నె బరువైతే ఒక చెవి ఓనరమ్మ, రెండో చెవి టైలర్ చాచా పట్టుకున్నారు. జనం పడీపడీ నవ్వారు. వేరే పేటల వాళ్ళు మమ్మల్ని మోరీ సైడ్ పార్టీ అనేవాళ్ళు. అననీ. గోలీ అన్న నవ్వు దాచుకోలేక ముఖం అటు తిప్పుకోవడం నేను చూశాను.

అలా చాలా ఏళ్ళు తిరిగాం. చాచా దుకాణం మూసి మరీ ప్రతి మ్యాచ్‌కీ వచ్చేవాడు. ఒక్కసారీ అరవలేదు, మూత ముట్టలేదు, గిన్నె మాత్రం ఇంకెవరికీ ఇచ్చేవాడు కాదు. తర్వాత ఖాళీ జాగాలో పునాదులు తవ్వారు. సర్వీ కర్రలు ఎవరింట్లోనో పందిరికి పోయాయి. నాకు పెళ్ళయింది. నాయనమ్మ పోయింది. ఓనరమ్మ ఇల్లమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. గోలీ అన్న పెద్ద జట్లలోకేం వెళ్ళలేదు. మోకాలు దెబ్బతినే దాకా ఆడి, ఆ తర్వాత మిషన్ మీద కూర్చున్నాడు, ఈసారి తనంతట తానే.

పోయిన ఆదివారం నేను వెళ్ళేసరికి అదే దుకాణంలో గోలీ అన్న ఎవరిదో ప్యాంటు పొడుగు తగ్గిస్తున్నాడు. గడ్డం తెల్లబడింది. నా వంక చూసి, "ఏం చెల్లే, గింత ఎండల?" అన్నాడు. స్టూలు తుడిచాడు, అచ్చం చాచా లాగే.

కూర్చోకుండానే చెప్పేశాను. సనత్‌నగర్‌లో ముందు అరిచింది నాయనమ్మ కాదు, నేను. ఆవిడ నా తప్పు తన మీదేసుకుంది. ఇన్నేళ్ళలో వంద సార్లు ఈ దుకాణానికి వచ్చి, జాకెట్లు కుట్టించుకుని, చెప్పకుండానే వెళ్ళిపోయాను.

ఆయన మిషన్ ఆపాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ అన్నాడు.

"అబ్బా ఒక్కపారే వస్తనన్నడు, యాదికున్నదా? ఆ దినం మేం గెలిస్తే, సరే ఆడుకోపో అని దుకాణంల కూసునేటోడు. మళ్ళ ఎన్నడు రాకపోతుండె. నువ్వు అరిచినవు గనుకనే చెల్లే, నేను ఆడినన్ని దినాలు మా అబ్బా గ్రౌండ్ల నా ఎనక నిలబడ్డడు."

కొంగుతో ముఖం తుడుచుకుని, సంచీ తీసుకుని, మెట్లు దిగాను. ఈ మాట నాయనమ్మ కూడా వినుంటే ఎంత బాగుండేది.